ప్రెస్సు తప్పా, కత్తెర తప్పా

మా వీధి చివరింటి కుర్రాడు పోయిన వేసవిలో ఒక ప్లాస్టిక్ సంచి పట్టుకుని మా ఇంటికొచ్చాడు. అందులో ఉన్నది ఒకే ఒక్క తపాలా బిళ్ళ, వి.వి.గిరి గారి బొమ్మది. వాళ్ళ తాతగారి ట్రంకు పెట్టెలో దొరికిందట.

"మావయ్యా, దీనికి ఒక పక్క పళ్ళు లేవు. ఇలాంటివి లక్షలు పలుకుతాయట గదా?"

ఎవరు చెప్పారని అడగలేదు. ఫోనులో ఎవరో ఒకరు చెప్పే ఉంటారు.

ఒడిశాలోని మా బరంపురం తెలుగిళ్ళల్లో ఆ బిళ్ళ దొరకడం వింతేమీ కాదు. గిరి గారు 1894లో పుట్టింది ఈ ఊళ్ళోనే. రాష్ట్రపతిగా పదవి ముగించుకుని వెళ్తున్నప్పుడు, 1974 ఆగస్టులో, తపాలా శాఖ ఈ బిళ్ళ వేసింది. మనూరి మనిషి అని కొని దాచిన ఇళ్ళు నాకే నాలుగు తెలుసు. కుర్రాడు తెచ్చినదాన్ని పట్టకారుతో తీసి భూతద్దం కింద పెట్టాను. మూడు వైపులా పళ్ళు, అంటే చిల్లుల వెంట చింపితే అంచున మిగిలే మొనలు, శుభ్రంగా ఉన్నాయి. కుడి అంచు మాత్రం నున్నగా ఉంది.

"దీని పక్కనుండాల్సిన బిళ్ళ ఏదిరా?" అన్నాను.

వాడు నా మొహంలోకి చూశాడు. ప్రశ్న అర్థం కాలేదని తెలిసిపోయింది. నలభై ఏళ్ళ కిందట నాకూ అర్థమయ్యేది కాదు. తప్పుగా అచ్చయిన బిళ్ళల వ్యవహారమంతా ఆ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది. బిళ్ళలో తప్పు ఉందా లేదా అన్నది ఎవరికైనా కనిపిస్తుంది. ఆ తప్పు ఎక్కడ జరిగింది, ప్రెస్సులోనా, బయటికొచ్చాక ఎవరి చేతిలోనా? ధర తేలేది అక్కడే.

మా నాన్న పట్టుచీరల కొట్లో లెక్కలు రాసేవారు. నా పిచ్చి చూసి ఒకసారి అన్నారు: "పోగు తప్పిన చీరకి మేం డిస్కౌంటు ఇస్తాం. పళ్ళు తప్పిన బిళ్ళకి నువ్వు ఎదురు డబ్బులిస్తున్నావు." ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. చీరలో తప్పుంటే నేతగాడి పనితనం తగ్గినట్టు. తపాలా బిళ్ళ మాత్రం డబ్బుతో సమానమైన కాగితం. దాన్ని తాళాలు వేసిన ప్రెస్సులో అచ్చు వేసి, లెక్కపెట్టి, తనిఖీ చేసి, పాడైనవాటిని నాశనం చేసి మరీ పంపుతారు. అంత కాపలా దాటుకుని ఒక తప్పు పోస్టాఫీసు కౌంటరు దాకా వచ్చిందంటే, అలాంటివి ఎక్కువ ఉండవు. డబ్బులు ఆ తప్పించుకున్నందుకే.

ఈ కాపలా మన దేశంలో చోటు మారుతూ వచ్చింది. 1854లో దేశమంతటికీ కలిపి మొదటిసారి బిళ్ళలు వేసినప్పుడు కలకత్తాలో రాతి పలకల మీద లితోగ్రఫీ పద్ధతిలో అచ్చేశారు. మరుసటి ఏడు నుంచి లండన్‌లోని డి లా రూ కంపెనీకి పని వెళ్ళింది. 1925లో నాసిక్‌లో ఇండియా సెక్యూరిటీ ప్రెస్ వచ్చాక అచ్చు పని మన నేలకు తిరిగొచ్చింది. ఇప్పుడు హైదరాబాదులోని సెక్యూరిటీ ప్రింటింగ్ ప్రెస్సులోనూ వేస్తున్నారు.

ఆ కలకత్తా కాలంలోనే ప్రపంచం చెప్పుకునే తప్పు ఒకటి జరిగింది. 1854 నాటి నాలుగు అణాల బిళ్ళకు రెండు రంగులు. ఎర్ర చట్రం, మధ్యలో నీలం రంగులో విక్టోరియా రాణి తల. అప్పటికి రెండు రంగుల బిళ్ళ అంటేనే కొత్త. ముందు షీటు మీద ఎర్ర చట్రాలన్నీ అచ్చేసి, ఆరాక అదే షీటును మళ్ళీ పెట్టి నీలం తలలు వేసేవాళ్ళు. రెండోసారి పెట్టేటప్పుడు ఎవరో షీటును అటుదిటు తిప్పి పెట్టారు. చట్రం నిలువుగానే ఉంది, రాణి మాత్రం తలకిందులైంది. రెండు దశాబ్దాల దాకా సేకర్తల కంట అది పడనే లేదు. ఇవాళ ప్రపంచం మొత్తం మీద తెలిసినవి 30 లోపే. అన్నీ వాడినవే. అందులోనూ చాలావాటిని అప్పటి జనం చట్రం ఆకారానికి ఎనిమిది మూలలుగా కత్తిరించి ఉత్తరాలకు అంటించారు. చుట్టూ కాగితం మిగిలి నలుచదరంగా ఉన్నవి మరీ తక్కువ.

కత్తిరించారంటే పళ్ళు లేవని. 1840లో బ్రిటన్ వేసిన తొలి బిళ్ళ పెన్నీ బ్లాక్‌కీ లేవు. పోస్టాఫీసులో కత్తెర ఉండేది. చిల్లులు పొడిచే యంత్రాన్ని హెన్రీ ఆర్చర్ 1847 నుంచి రూపొందిస్తూ వస్తే, బ్రిటన్‌లో అది మామూలు వాడకంలోకి 1854లో వచ్చింది. మన బిళ్ళలకు పళ్ళు లండన్‌లో అచ్చవడం మొదలైన 1855 నుంచి. ఇదెందుకు చెబుతున్నానంటే, పళ్ళు లేని పాత బిళ్ళ కనబడితే చాలు తప్పుగా అచ్చయిందంటూ అమ్మేవాళ్ళు నాకు చాలామంది తగిలారు. 1854 నాటి అర్ధణా బిళ్ళకు పళ్ళు లేకపోవడం తప్పు కాదు, అప్పటి పద్ధతి. దానికి పళ్ళుంటేనే అనుమానించాలి.

తలకిందులైన బొమ్మలంటే అందరికీ గుర్తొచ్చేది అమెరికా వాళ్ళ జెన్నీ విమానం. 1918లో విమాన తపాలా కోసం వేసిన 24 సెంట్ల బిళ్ళ అది. ఎర్ర చట్రం, నీలం విమానం, మళ్ళీ రెండు దఫాల అచ్చే. విలియం రోబీ అనే ఆయన ఆ ఏడాది మే 14న వాషింగ్టన్‌లో ఒక కౌంటరు దగ్గర 24 డాలర్లిచ్చి వంద బిళ్ళల షీటు కొన్నాడు. వందలోనూ విమానం తలకిందులుగా ఎగురుతోంది. వారం తిరక్కుండా ఆయన దాన్ని 15,000 డాలర్లకు అమ్మేశాడు. 2023లో అందులో ఒక్క బిళ్ళ వేలంలో 20 లక్షల డాలర్లు పలికింది.

ఈ కథలో అందరూ ధర దగ్గర ఆగిపోతారు. నాకు ముఖ్యమనిపించేది వేరు. రోబీ ఆ షీటును కౌంటరులో, మామూలు ధరకు, మామూలు గుమస్తా చేతి నుంచి కొన్నాడు. తప్పుబిళ్ళకు జన్మపత్రిక అదే. అచ్చు సరిగా పడని షీట్లు ప్రతి ప్రెస్సులోనూ గుట్టలుగా తయారవుతాయి. యంత్రం మొదలుపెట్టినప్పుడు, రంగు సరిచేసేటప్పుడు, కాగితం ఇరుక్కున్నప్పుడు. వాటిని ముక్కలు చేసేస్తారు. ఆ చెత్తలోంచి ఎవరైనా దొంగతనంగా కొన్ని బయటికి తెస్తే చూడ్డానికి అచ్చం ఎర్రర్ లాగానే ఉంటాయి. ఒక రంగే పడి ఉంటుంది, రెండుసార్లు అచ్చయి ఉంటుంది, పళ్ళుండవు. కానీ అవి ఏనాడూ తపాలా బిళ్ళలు కాలేదు. జాగ్రత్తపరులు వాటిని ప్రెస్సు చెత్త అనే అంటారు. మార్కెట్లో ఈ రెండింటికీ మధ్య గోడ చాలా పలచన, అమ్మేవాడు దాన్ని ఇంకా పలచన చేస్తాడు. అందుకే పోస్టు ముద్ర పడి, ఉత్తరం మీదే ఉండిపోయిన తప్పుబిళ్ళకు అంత విలువ. అది కౌంటరు దాటిందనడానికి ముద్రే సాక్షి.

కౌంటరు దాటినంత మాత్రాన కూడా చాలదని 1962లో అమెరికాలోనే తేలింది. ఐక్యరాజ్యసమితి ప్రధాన కార్యదర్శి డాగ్ హమర్‌షెల్డ్ జ్ఞాపకార్థం వేసిన 4 సెంట్ల బిళ్ళలో కొన్నింటికి పసుపు నేపథ్యం తిరగబడి పడింది. దొరికినవాళ్ళు ఎగిరి గంతేశారు. ఇది చూసిన పోస్ట్‌మాస్టర్ జనరల్ ఎడ్వర్డ్ డే, తపాలా శాఖ జూదశాల కాదనుకున్నాడో ఏమో, అదే తప్పుతో కావాలనే మళ్ళీ అచ్చు వేయించాడు. సుమారు 4 కోట్ల బిళ్ళలు. రాత్రికి రాత్రి ఆ తప్పు విలువ గాలికి పోయింది. బొమ్మ అదే, తప్పు అదే. మారింది లెక్క.

పళ్ళ సంగతి

మన దగ్గర మామూలు సేకర్తకు ఎక్కువగా ఎదురయ్యేవి పర్ఫరేషన్ తప్పులే, అంటే చిల్లుల్లో జరిగేవి. కాబట్టి ఇక్కడ కొంచెం నిదానంగా వెళ్దాం.

చిల్లులు పొడవడానికి ముఖ్యంగా రెండు రకాల పద్ధతులు. మొదటిది గీత పద్ధతి. యంత్రం ఒకసారికి ఒకే గీత పొడుస్తుంది. షీటంతా అడ్డగీతలు పొడిచి, తర్వాత షీటు తిప్పి నిలువుగీతలు పొడుస్తారు. రెండు గీతలూ ఎవరి దారిన అవి వస్తాయి కాబట్టి బిళ్ళ మూలల్లో చిల్లులు సరిగ్గా కలవవు. ఒక మూల పన్ను లావుగా, ఇంకో మూల అరిగినట్టుగా ఉంటుంది. రెండోది దువ్వెన పద్ధతి. పేరుకు తగ్గట్టు దాని సూదులు దువ్వెనలాగే ఉంటాయి. ఒక దెబ్బకు ఒక వరస బిళ్ళలకు మూడు వైపులా చిల్లులు పడతాయి. తర్వాతి దెబ్బ నాలుగో వైపును మూసి, కింది వరసను మొదలుపెడుతుంది. దీంట్లో మూలలు శుభ్రంగా కలుస్తాయి.

ఈ తేడా తెలిస్తే తప్పును చదవడం వస్తుంది. గీత పద్ధతిలో యంత్రం ఒక గీత మరిచిపోతే, పక్కపక్క బిళ్ళల మధ్య ఆ ఒక్క గీత మేరకే చిల్లులుండవు. మిగతా అంతా మామూలే. దువ్వెన ఒక దెబ్బ తప్పితే అలా ఉండదు. ఒక అడ్డగీత పోవడమే కాదు, ఆ వరసలో నిలువుగీతలు కూడా అన్నీ పోతాయి. దువ్వెన పద్ధతిలో పొడిచిన బిళ్ళకు ఒక్క నిలువు అంచు మాత్రమే లేకుండా మిగతా మూడూ చక్కగా ఉన్నాయని ఎవరైనా అంటే, ముందు దువ్వెన అలా ఎలా తప్పిందో వాళ్ళని చెప్పమనాలి. చెప్పలేరు. కత్తెర మాత్రం ఎలాగైనా తప్పగలదు.

అందుకే కుర్రాడిని పక్క బిళ్ళ ఏదని అడిగాను. చిల్లులు లేవని నిరూపించగలిగేది ఒంటరి బిళ్ళ కాదు, విడదీయని జత. రెండు బిళ్ళలు కలిసి ఉండి, మధ్యలో ఉండాల్సిన చిల్లులు లేకపోతే, అక్కడ కత్తెర పెట్టే సందే లేదు. ఒంటరి బిళ్ళ నున్నటి అంచు ఎవరైనా చేసుకోవచ్చు. పళ్ళ చివరలు తెగిపోయేలా ఒక మిల్లీమీటరు కోస్తే సరిపోతుంది. దీన్ని పట్టుకునే ఉపాయం కూడా సులువే. అదే రకం మామూలు బిళ్ళను పక్కన పెట్టి కొలవడం. పళ్ళు లేకుండా బయటికొచ్చిన బిళ్ళను షీటులోంచి కత్తిరించేటప్పుడు దాని అంచు పొరుగు బిళ్ళ వైపు కొంత పోయి ఉండాలి, అంటే మామూలు బిళ్ళ పళ్ళ కొస వరకు ఉన్న వెడల్పుకు తక్కువ కాకూడదు. తక్కువైతే కోసేశారన్నమాట.

గిరి గారి బిళ్ళను నా దగ్గరున్న మరో గిరి గారి బిళ్ళ మీద పెట్టాను. కుడివైపు దాదాపు మిల్లీమీటరు తక్కువ. కుర్రాడి మొహం వాడిపోయింది. తాతగారు ఏ ఫొటో చట్రంలోనో సరిపోవడానికి కత్తిరించుకుని ఉంటారని చెప్పాను. "ఆయనకి అన్నీ కత్తిరించే అలవాటే మావయ్యా, పేపర్లు కూడా," అన్నాడు వాడు.

చిల్లులు కొలవడానికి ఒక అట్ట స్కేలు దొరుకుతుంది. 2 సెంటీమీటర్ల పొడవులో ఎన్ని చిల్లులున్నాయో దాన్ని బట్టి చెబుతారు. 14 అంటే 2 సెంటీమీటర్లకు 14. రెండు అంకెలుంటే మొదటిది అడ్డంగా, రెండోది నిలువుగా. పందొమ్మిదో శతాబ్దంలో పారిస్ డాక్టరు లెగ్రాండ్ తెచ్చిన పద్ధతి ఇది, ఇప్పటికీ మారలేదు. కోసేసిన అంచుకు మళ్ళీ దొంగ పళ్ళు పెట్టే ఘనులు కూడా ఉన్నారు. మిగతా మూడువైపులా 14 ఉండి నాలుగో వైపు 13 వస్తే ఇంక వేరే సాక్ష్యం అక్కర్లేదు.

పక్కకు జరిగిన చిల్లుల గురించి ఒక మాట. షీటు యంత్రంలో వంకరగా కూర్చుంటే చిల్లులు బొమ్మ మీదుగా పోతాయి. గాంధీ గారి ముక్కు ఒక బిళ్ళలో, చెవి ఇంకో బిళ్ళలో ఉంటుంది. చూడ్డానికి గమ్మత్తుగా ఉండి, కొత్తవాళ్ళు వీటికే ఎక్కువ డబ్బు పెడతారు. కానీ ఇవి తరచుగా వచ్చేవే. ఒక్కొక్కటి ఒక్కోలా జరిగి ఉంటుంది కాబట్టి కేటలాగుల్లో, అంటే బిళ్ళల వివరాలూ ధరలూ ఇచ్చే పుస్తకాల్లో, వీటికి చోటు ఉండదు. ఇంగ్లీషులో వీటిని ఫ్రీక్ అంటారు. నేను వీటిని సరదా కోసమే ఉంచుకుంటాను. షీటు మూల మడతపడి, ఆ మడత మీదుగా చిల్లులు పడి, తర్వాత విప్పితే ఏటవాలుగా పిచ్చిగీతలు వచ్చే బిళ్ళలు మాత్రం నాకు ఇష్టం. కాగితం ఎలా మడతపడిందో మళ్ళీ మడిచి చూడొచ్చు. ఆ క్షణం మన చేతిలో రెండోసారి జరుగుతుంది.

ఇంకో రకం ఉంది. సూదులు అరిగిపోయినా, సరిగా దిగకపోయినా కాగితం చిరగదు, నొక్కుకుంటుంది అంతే. దూరం నుంచి చూస్తే చిల్లులు లేనట్టే. దీపం పక్కనుంచి పట్టి చూస్తే వరసగా చిన్న చిన్న గుంటలు. వీటిని నేను గుడ్డి చిల్లులంటాను. కేటలాగు వీటిని చిల్లులు పడినట్టే లెక్కేస్తుంది. పూర్తిగా చిల్లులు లేని జతకీ, గుడ్డి చిల్లుల జతకీ మధ్య ధరలో చాలా తేడా.

నా ఆల్బంలో నేను ఎక్కువగా మురిసిపోయే పేజీలో ఒక జత ఉంది. రోజువారీ వాడకం బిళ్ళలే, మధ్యలో చిల్లులు లేవు. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక ఎగ్జిబిషన్‌లో ఒక వ్యాపారి దగ్గర రెండు వారాల జీతం పెట్టి కొన్నాను. దాని కింద పెన్సిలుతో 'ఇంపర్ఫ్ జత', అంటే చిల్లులు లేని జత, అని రాసుకున్నాను. దాని సంగతి మళ్ళీ వస్తుంది.

రంగులు, బొమ్మలు

రంగు తప్పులకు ఒక గొప్ప ఉదాహరణ స్వీడన్‌ది. 1855లో వాళ్ళ 3 స్కిల్లింగ్ బిళ్ళ నీలం కలిసిన ఆకుపచ్చలో రావాలి. ఒకటి పసుపులో వచ్చింది. పసుపు 8 స్కిల్లింగ్ బిళ్ళ రంగు. ఆ పలకలో విరిగిన అచ్చు ఒకటి తీసి, పొరపాటున 3 స్కిల్లింగ్ అచ్చు పెట్టి ఉంటారని ఎక్కువమంది అనుకునే కారణం. అలాగైతే చాలానే అచ్చయి ఉండాలి. దొరికింది మాత్రం ఒక్కటే. 1880ల్లో ఒక కుర్రాడు అవ్వ ఇంటి అటక మీద ఉత్తరాలు కెలుకుతుంటే దొరికితే 7 క్రోనార్లకు అమ్మేశాడు. 1996లో దాని ధర 25 లక్షల స్విస్ ఫ్రాంకుల పైమాటే.

ఇప్పటి బిళ్ళలకు నాలుగైదు రంగులు విడివిడిగా పడతాయి. ఒక రంగు ఎగిరిపోతే అది నిజంగా పెద్ద తప్పే. కానీ పూర్తిగా పోవాలి. భూతద్దం కింద ఆ రంగు చుక్క ఒక్కటి కనబడినా అది రంగు తగ్గిన బిళ్ళే, రంగు పోయిన బిళ్ళ కాదు. పైగా ఈ తప్పును ఎండ కూడా చేస్తుంది. ఆకుపచ్చ అంటే పసుపు మీద నీలం. కొన్ని పసుపు రంగులు ఎండకు నిలవవు. కిటికీ దగ్గర ఆరు నెలలు పెడితే చెట్లన్నీ నీలమవుతాయి. రసాయనాలతో ఒక పూటలో అవుతుంది. రంగు పోయిందనే బిళ్ళకు షీటు మార్జిన్ అంటుకుని ఉంటే మంచిది. మార్జిన్‌లో ప్రతి రంగుకూ ఒక చుక్క వేస్తారు, అన్ని రంగులూ పడ్డాయో లేదో చూసుకోవడానికి. బిళ్ళలో లేని రంగు మార్జిన్ చుక్కల్లో ఉందా లేదా అన్నది చాలా చెబుతుంది.

తడి ఆరని షీటు మీద ఇంకో షీటు పడితే, పై షీటు వెనక జిగురు వైపున అద్దంలో చూసినట్టు బొమ్మ అంటుకుంటుంది. ఇది చూడ్డానికి భలే ఉంటుంది, ధర ఓ మాదిరి. దీని మీద ఇంతకంటే చెప్పడానికేం లేదు.

బొమ్మ గీయడంలోనే తప్పు జరిగితే? అది ఇంకో లోకం. స్వతంత్ర భారతం 1949 ఆగస్టు 15న పురావస్తు సిరీస్ అని రోజువారీ వాడకం బిళ్ళలు వేసింది. ఒడిశా వాళ్ళం ఆ సిరీస్‌ను ప్రత్యేకంగా చూస్తాం. అందులో 6 పైల, అంటే అర్ధణా, బిళ్ళ మీద కోణార్క గుర్రం ఉంది, 4 అణాల మీద భువనేశ్వర్ గుడి ఉంది. ఆ సిరీస్‌లో ఒక అణా బిళ్ళ మీద బోధిసత్త్వుడు. ఫొటో అటుదిటు తిరగబడి, విగ్రహం కుడిచెయ్యి ఎడమచెయ్యిగా అచ్చయింది. మరుసటి ఏడు, 1950లో, సరిచేసిన బిళ్ళ వేశారు. తప్పు ఉన్న బిళ్ళా, ఒప్పు ఉన్న బిళ్ళా రెండూ ఆల్బంలో పక్కపక్కన పెట్టుకోవడం ముచ్చటే. అయితే మొదటి బిళ్ళ అందరికీ ఆ తప్పుతోనే వచ్చింది. దేశమంతా ఏడాదిపాటు దాన్ని నాకి అంటించింది. తప్పు పెద్దదే, అరుదు మాత్రం కాదు. ఇదే తిరకాసు అటునుంచి కూడా ఉంటుంది. 1948లో గాంధీ గారి 10 రూపాయల బిళ్ళ మీద 'సర్వీస్' అని అచ్చొత్తి గవర్నర్ జనరల్ కార్యాలయం వాడకానికి ఇచ్చారు. వేసింది 100 మాత్రమే. 2017లో నాలుగింటి వరస 5 లక్షల పౌండ్లకు పోయింది. అందులో తప్పేమీ లేదు. అచ్చంగా అనుకున్నట్టే వేశారు. అరుదు వేరు, తప్పు వేరు. రెండూ కలిసిన చోటే పోటీ.

మా ఊరికి సంబంధించిన ఒక పక్కమాట. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడే వరకు మేం మద్రాసు ప్రెసిడెన్సీ. ఇంగ్లీషులో రాస్తే మా ఊరి పేరుకూ, బెంగాల్లోని ముర్షిదాబాదు జిల్లా కేంద్రం పేరుకూ పెద్ద తేడా ఉండదు. అందుకే పాతవాళ్ళు అడ్రసులో 'గంజాం' అని తప్పక రాసేవాళ్ళు. రాయనివాళ్ళ ఉత్తరాలు బెంగాలు చూసొచ్చేవి. రెండు ఊళ్ళ ముద్రలూ పడిన అలాంటి కవరు నా దగ్గర ఒకటి ఉంది. మా చిన్నాన్న సోంపేట నుంచి రాసింది, పెళ్ళి పిలుపు. పెళ్ళయ్యాక చేరింది. ఇదీ తప్పే, ఇదీ సేకరిస్తారు. కాకపోతే తప్పు ఉత్తరం నడకలో ఉంది, బిళ్ళలో కాదు. ఆ శాఖ వేరు.

మా సముద్రపు గాలి గురించి చెప్పకపోతే లోటు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు మా ఇంటి పెంకులు సగం ఎగిరిపోయాయి. తెల్లారి బీరువా తీస్తే రెండు ఆల్బంలు ఇటుకల్లా బిగుసుకున్నాయి. వాడని బిళ్ళల వెనక జిగురు తడిసి, అవి పేజీలకూ ఒకదానికొకటీ అతుక్కుపోయాయి. నీళ్ళలో నానబెట్టి విడదీశాను, వేరే దారి లేదు. జిగురంతా పోయింది. వాడని బిళ్ళ విలువలో పెద్ద వాటా ఆ జిగురుదే అనిపించే మార్కెట్ ఇది. తుపాను లేని ఏడాది కూడా ఇక్కడి తేమకు బిళ్ళల మీద తుప్పు రంగు మచ్చలొస్తాయి. ఆల్బం పడుకోబెట్టకుండా నిలబెట్టండి, బీరువాలో సిలికా జెల్ పొట్లాలు వేసి వానాకాలం ముందు మార్చండి. లామినేషన్ చేయించకండి, సెల్లో టేపు దగ్గరికి రానివ్వకండి. ఉత్తరం మీద తప్పుబిళ్ళ దొరికితే నానబెట్టి ఊడదీయొద్దు, కవరుతో సహా ఉంచండి.

ధరల విషయంలో నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను. కేటలాగులో ఉన్న అంకె మంచి స్థితిలో ఉన్న బిళ్ళను వ్యాపారి అమ్మే ధర, మనం అమ్మితే వచ్చే ధర కాదు. ఆన్‌లైన్‌లో ఎవరో 'అరుదైన ఎర్రర్' అని ఐదు లక్షలు పెట్టి ఉంచితే, అది వాళ్ళ కోరిక మాత్రమే. అమ్ముడుపోయిన ధర చూడాలి. పెద్ద మొత్తం పెట్టి కొనేటప్పుడు నిపుణుల సర్టిఫికెట్ లేకుండా కొనకండి. వందల్లో కొనేటప్పుడు సర్టిఫికెట్ ఖర్చే బిళ్ళ ఖర్చును మించుతుంది కాబట్టి, అక్కడ మీ కళ్ళే దిక్కు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు తపాలా శాఖలో సేకర్తల కోసం ఉన్న ఫిలాటలీ డిపాజిట్ ఖాతా తెరిస్తే కొత్త బిళ్ళలు ఇంటికే వస్తాయి. తప్పున్నవి రావడం అదృష్టం. ఒప్పున్నవి ఎలా ఉంటాయో తెలియనిదే తప్పు కనిపించదు మరి.

కుర్రాడు గిరి గారి బిళ్ళను మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు. వెళ్తాడనుకున్నాను, వెళ్ళలేదు. "నిజమైనది ఎలా ఉంటాదో చూపించు మావయ్యా," అన్నాడు. నాకు అంతకంటే ఏం కావాలి? ఆల్బం తెచ్చి ఆ పేజీ తీశాను. జత, మధ్యలో చిల్లులు లేవు, కత్తెర పెట్టడానికి సందు లేదు. అప్పటిదాకా చెప్పిందంతా మళ్ళీ చెప్పాను. దువ్వెన, గీత, గుడ్డి చిల్లులు.

వాడు ఫోను తీసి టార్చి వేశాడు. పై నుంచి కాదు, నేను చెప్పినట్టే పక్కనుంచి, బల్లకు ఆనించి. కాసేపు చూశాడు. నా వంక చూడకుండానే అడిగాడు.

"మావయ్యా, ఈ గుంటలేటి?"

కళ్ళజోడు పెట్టుకుని వంగి చూశాను. రెండు బిళ్ళల మధ్య, పై నుంచి కిందికి, చీమలు నడిచినంత సన్నగా, వరసగా ఉన్నాయి. ఇన్నేళ్ళలో నేను ఆ జత మీద ఏ రోజూ దీపం పక్కనుంచి పెట్టలేదు. లెక్కపెట్టమని వాడికి అట్ట స్కేలు ఇచ్చాను. 13 వచ్చింది.

రబ్బరు తీసుకుని 'ఇంపర్ఫ్ జత' చెరిపేశాను. పెన్సిలు వాడికిచ్చి, అదే చోట 'గుడ్డి చిల్లులు, 13' అని రాయమన్నాను.